మీ కరపత్రంలో లేని అంకె

తెలుగు రాష్ట్రాల నుంచి కేదార్‌నాథ్, అమర్‌నాథ్ యాత్రలు నడుపుతున్న టూర్ నిర్వాహకులకు,



మహాశివరాత్రి నాడు ఊఖీమఠ్‌లో పంచాంగం చూసి కేదార్‌నాథ్ గుడి తెరిచే తేదీ ప్రకటిస్తారు. ఆ మర్నాటి నుంచే మీ ప్రకటనలు మొదలవుతాయి. పేపర్లో మడిచిపెట్టిన కరపత్రాలు, ఆటోల వెనక పోస్టర్లు, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులు. ఏసీ బస్సు, మన వంటమనిషి, పొద్దున ఇడ్లీ ఉప్మా, రాత్రి పెరుగన్నం, గదికి ముగ్గురు, వేణ్నీళ్లకు గీజరు, హెలికాప్టర్ టికెట్ అదనం. మీరు చేసేది చిన్న పని కాదు. హిందీ రానివాళ్లను, జిల్లా దాటి ఎరగని పెద్దవాళ్లను అంత దూరం తీసుకెళ్లి, అలవాటైన తిండి పెట్టి, దర్శనం చేయించి, మళ్లీ ఇంటి గుమ్మంలో దించుతున్నారు. మీ బస్సులో వెళ్లొచ్చిన మనిషిగా ఆ కృతజ్ఞతతోనే ఇది రాస్తున్నాను.

అన్నీ రాసే ఆ కరపత్రంలో ఒక అంకె మాత్రం ఎక్కడా కనపడదు. ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకోబోతున్నామన్నది. గదిలో ఎంతమంది ఉంటారో చెబుతారు, ఆ గది సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల పైన ఉందో చెప్పరు. దాచారని అనను. అది యాత్రికుడు అడగాల్సిన సంగతని మీకు గానీ మాకు గానీ ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగిన చోటు ఒకటి ఉంది. అది మన హిమాలయాల్లో లేదు. ఇటలీలో, స్విట్జర్లాండ్ సరిహద్దు మీద, మోంటే రోజా కొండల్లో 4,554 మీటర్ల ఎత్తున ఉన్న ఒక బస. పేరు కపానా మార్గెరీటా. ఆల్ప్స్ పర్వతాల్లో ఇంతకంటే ఎత్తయిన బస మరొకటి లేదు. దాని కథ కాస్త ఓపిగ్గా వినండి, మీ వ్యాపారానికి సంబంధించినదే.

ఆల్ప్స్‌లో కొండలెక్కేవాళ్ల కోసం ఇలాంటి బసలు వందల్లో ఉన్నాయి. ఎక్కువ భాగం పర్వతారోహణ సంఘాలు కట్టించినవే. వేసవిలో ఒక సంరక్షకుడు ఉంటాడు. బూట్లు గుమ్మం దగ్గర విప్పాలి, అందరికీ ఒకే వేళకు వేడి సూప్, వరసగా పరిచిన బంకు మంచాలు, తెల్లవారకముందే లేచి ప్రయాణం. మన సత్రాన్ని మంచులోకి తీసుకెళ్లి పెట్టినట్టుంటుంది. మార్గెరీటా కూడా ఆ కోవలోదే. కాకపోతే అది ఒక లోయలోనో గట్టు మీదో లేదు, శిఖరం కొసన ఉంది. ఆ శిఖరాన్ని 1842లో మొదట ఎక్కినవాళ్లలో ముఖ్యుడు కింద అలాన్యా ఊళ్లో చర్చి ఫాదరీ, జొవాన్నీ నిఫెట్టీ. అందుకే ఇటలీవాళ్లు దాన్ని నిఫెట్టీ శిఖరం అంటారు.

అక్కడ బస కట్టాలని ఇటలీ పర్వతారోహణ సంఘం 1889లో తీర్మానించింది. ఎక్కేవాళ్లకు నీడ, శాస్త్రజ్ఞులకు పరిశీలనకు చోటు, రెండూ ఒకే కప్పు కింద ఉండాలన్నది వాళ్ల ఆలోచన. కలపను కింద లోయలోనే కోసి, ముక్కలుగా సిద్ధం చేసి, ఎక్కగలిగినంత దూరం కంచరగాడిదల మీద, ఆపైన హిమానీనదం మీదుగా మనుషుల భుజాల మీద చేర్చారు. శిఖరం మీది రాతిని చదును చేసి కూర్చారు. 1893 ఆగస్టు 18న ఇటలీ రాణి మార్గెరీటా స్వయంగా నడిచి పైకి వచ్చి ఆ రాత్రి అక్కడే పడుకుంది. మన ఊళ్లలో పిజ్జా దుకాణాల పుణ్యమా అని అందరి నోటా ఆడే మార్గెరీటా పేరు ఈవిడదే అంటారు. పిజ్జా కథలో నిజం ఎంతో గానీ, కొండబసకు మాత్రం ఖచ్చితంగా ఆమె పేరే పెట్టారు. సెప్టెంబరులో లాంఛనంగా తెరిచారు.

సరిగ్గా అదే 1893లో పక్క దేశంలో ఇంకో కట్టడం లేచింది. జూల్ జాన్సెన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త మాంట్ బ్లాంక్ శిఖరం మీద వేధశాల కట్టించాడు. పునాదికి రాయి దొరుకుతుందేమోనని మంచులో సొరంగం తవ్వించి చూశారు. దొరకలేదు. అయినా మంచు మీదే నిలబెట్టారు. మంచు కదిలింది, కట్టడం ఒరిగింది, కుంగింది. 1909 నాటికి పీకేయాల్సి వచ్చింది. రాతి మీద కూర్చున్న మార్గెరీటా నిలిచింది.

ఆ రాయి కోసం వెతుకుతున్న రోజుల్లోనే, 1891లో, ఒక చావు జరిగింది. మాంట్ బ్లాంక్ మీద 4,350 మీటర్ల దగ్గర వాలో అనే ఆయన కట్టించిన బస ఉండేది. జాకొతే అనే యువ డాక్టర్ ఆ సొరంగం తవ్వే బృందంతో పైకి వెళ్లి అక్కడ జబ్బుపడ్డాడు. దిగిపొమ్మంటే వినలేదు. ఎత్తు మనిషిని ఏం చేస్తుందో తన ఒంటి మీదే గమనించుకుంటానన్నాడు. రాత్రికి ప్రాణం పోయింది. శవపరీక్షలో ఊపిరితిత్తుల నిండా నీరు కనిపించింది. అదేమిటో ఆ కాలపు వైద్యానికి అర్థం కాలేదు, న్యుమోనియా ఖాతాలో వేశారు. ఆ తర్వాత దాదాపు డెబ్బై ఏళ్లు అదే ఖాతా నడిచింది.

ఇక మార్గెరీటాకు వద్దాం. బస తెరిచిన మరుసటి సంవత్సరమే టూరిన్ విశ్వవిద్యాలయం నుంచి ఆంజెలో మోస్సో వచ్చాడు. మనిషి అలసటను కొలిచే యంత్రం కనిపెట్టిన శరీరధర్మ శాస్త్రవేత్త. కొందరు సైనికులను వెంటబెట్టుకొచ్చి, వాళ్ల నాడి, ఊపిరి, కండబలం, నిద్ర అన్నీ కొలిచాడు. ఆ ఎత్తున నిద్రపోతున్న మనిషి ఊపిరి కాసేపు ఎగసి, నెమ్మదించి, పూర్తిగా ఆగి, మళ్లీ మొదలవుతుందని అక్కడ నమోదు చేశాడు. కేదార్‌నాథ్ గదుల్లో అర్ధరాత్రి పక్కమంచం మీదావిడ ఊపిరి ఆగిపోయిందని ఉలిక్కిపడి లేపినవాళ్లు మీ యాత్రికుల్లోనూ ఉంటారు. ఆ ఎత్తుల్లో అది మామూలే. అక్కడ పడుకున్నవాళ్లలో ఒక సైనికుడికి మాత్రం ఊపిరితిత్తుల జబ్బు ముంచుకొచ్చింది. న్యుమోనియా అనే రాశారు. అతను బతికాడు. ఇప్పుడు ఆ రాతలు చదివిన వైద్యులకు అది ఎత్తు తెచ్చిన నీరేనని అనిపిస్తోంది.

మోస్సో గొప్పవాడే గానీ అసలు కారణం దగ్గర తప్పటడుగు వేశాడు. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోవడం వల్లే ఈ జబ్బు వస్తుందని వాదించాడు. అంతకు ముందే, 1878లో, పారిస్‌లో పాల్ బేర్ సంగతి తేల్చేశాడు. గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడైనా ఒకటే, నూటికి ఇరవై ఒకటి. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి పడిపోతుంది కాబట్టి ఒక్కో ఊపిరిలో మనకు అందేది తగ్గుతుంది. మార్గెరీటాలో సముద్రతీరంలో అందేదానిలో సగానికి కాస్త ఎక్కువ. మన కేదార్‌నాథ్‌లో, 3,583 మీటర్ల దగ్గర, మూడింట రెండు వంతులు. విశాఖలో రైలెక్కిన మనిషికి మూడో వంతు కోత పడుతుందన్నమాట.

ఎత్తు తెచ్చే ఊపిరితిత్తుల నీరు న్యుమోనియా కాదని 1960లో అమెరికా డాక్టర్ చార్లెస్ హూస్టన్ ఒక ప్రముఖ వైద్య పత్రికలో రాశాక పడమటి దేశాలకు బోధపడింది. దాని తర్వాతి అధ్యాయం మనదే, మనకు తెలియకపోవడమే చిత్రం. 1962 యుద్ధం రోజుల్లో మన జవాన్లను మైదానాల నుంచి విమానాల్లో నేరుగా లేహ్‌కు, ఆపైన సరిహద్దు చౌకీలకు చేర్చారు. తూటా తగలకుండానే ఎందరో కూలిపోయారు. సైనిక వైద్యుడు మీనన్ లేహ్‌లో తాను చూసిన 101 మంది రోగుల సంగతి 1965లో ప్రచురించాడు. 1969లో ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికుల అనుభవాన్ని రాశారు. ప్రపంచంలో ఈ జబ్బు మీద పరిశోధన చేసే ఎవరైనా ఇవాళ్టికీ ఆ రెండు వ్యాసాలు తిరగేయాల్సిందే. లేహ్ ఎత్తు ఎంతో తెలుసా? సుమారు 3,500 మీటర్లు. మీరు మమ్మల్ని పడుకోబెట్టే కేదార్‌నాథ్ అంతకన్నా పిసరంత పైనే ఉంది. ఆ జవాన్లు ఇరవై ఏళ్ల వాళ్లు, పరుగులు తీసే ఒళ్లు. మీ బస్సులో సగం మంది బీపీ, షుగరు మాత్రలు వెంట తెచ్చుకునేవాళ్లు.

పాత కలప కట్టడాన్ని తీసేసి 1980లో ఇప్పుడున్న మార్గెరీటాను కట్టారు. మూడంతస్తులు, బయటంతా రాగి రేకు తొడుగు. శిఖరం కొసన పిడుగులు తరచుగా పడతాయి, ఆ రేకు విద్యుత్తును లోపలికి రానివ్వకుండా చుట్టూ తిప్పి రాతిలోకి పంపేస్తుంది. లోపల పరిశోధనకు గదులు, ఎక్కేవాళ్లకు మంచాలు, భోజనం.

కొత్త బసలోకి స్విస్ వైద్యులు ఏటా వేసవిలో రావడం మొదలుపెట్టారు. 1990లో వాళ్లు ఒక లెక్క ప్రచురించారు. వేరువేరు ఎత్తుల్లో ఉన్న నాలుగు బసల్లో 466 మంది ఆరోహకులను పరీక్షించారు. 2,850 మీటర్ల బసలో నూటికి 9 మందికి ఎత్తు జబ్బు. 3,050 దగ్గర 13. 3,650 దగ్గర 34. మార్గెరీటాలో 53. మూడో అంకె దగ్గర ఆగండి. అది దాదాపు కేదార్‌నాథ్ ఎత్తు. కొండలెక్కడం అలవాటున్న, వయసులో ఉన్న వాళ్లలోనే ముగ్గురిలో ఒకరికి. తలనొప్పి, వికారం, తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం, తూలుడు. వీటిని మన యాత్రల్లో బస్సు పడలేదనో, నీళ్లు మారాయనో, ఉపవాసం వల్లనో సరిపెట్టేస్తాం.

1991లో ఇంకో ప్రయోగం ఫలితం వచ్చింది, ఇదే నా చేత ఈ ఉత్తరం రాయించింది. లోగడ ఊపిరితిత్తుల్లో నీరు చేరిన అనుభవమున్న 21 మందిని తీసుకున్నారు. ప్రాణవాయువు తగ్గితే ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఒత్తిడి పెరిగి గోడల్లోంచి నీరు కారుతుంది, కాబట్టి నాళాలను సడలించే నిఫెడిపిన్ అనే బీపీ మందు పనిచేస్తుందేమోనని వాళ్ల అనుమానం. పదిమందికి మందు, పదకొండుమందికి ఉత్తి మాత్ర. మందు వేసుకున్నవాళ్లలో ఒక్కరికి జబ్బు చేసింది, ఉత్తి మాత్ర వాళ్లలో ఏడుగురికి. మందు సంగతి డాక్టర్లకు వదిలేద్దాం. దయచేసి మీరు మాత్రం బస్సులో ఎవరికీ పంచకండి. నేను చూపించదలచుకున్నది ఆ ప్రయోగం నడిపిన పద్ధతి. జబ్బు ఖాయంగా రావాలి కాబట్టి, వాళ్లందరినీ 1,130 మీటర్ల నుంచి మార్గెరీటాకు 22 గంటల్లోపు ఎక్కించారు. వేగమే వాళ్ల పనిముట్టు.

ఇప్పుడు కేదారం, బదరి కలిపి తిప్పే మీ రెండు ధామాల టూరు చూడండి. గుప్తకాశీలో రాత్రి బస, ఎత్తు 1,300 మీటర్ల చిల్లర. తెల్లవారుజామున సోన్‌ప్రయాగ్, అక్కడి నుంచి జీపులో గౌరీకుండ్, ఆపైన పదహారు కిలోమీటర్లు నడకో, గుర్రమో, డోలీయో. సాయంత్రానికి కేదార్‌నాథ్. దర్శనం, అక్కడే నిద్ర. ఇరవై రెండు గంటలు కూడా పట్టదు. మార్గెరీటా అంత ఎత్తు కాదు నిజమే, మీ యాత్రికులందరూ ఆ జబ్బు తత్వం ఉన్నవాళ్లు కారన్నదీ నిజమే. అయినా శాస్త్రజ్ఞులు మనుషులకు జబ్బు తెప్పించడానికి ఎంచుకున్న వేగాన్ని మీరు సదుపాయంగా అమ్ముతున్నారు.

హెలికాప్టర్‌ను తిట్టిపోస్తానని మీరు అనుకోవచ్చు. తిట్టను. ఎత్తు జబ్బు సాధారణంగా పైకి చేరిన కొన్ని గంటల తర్వాత, ఎక్కువగా మొదటి రాత్రి బయటపడుతుంది. పొద్దున ఎగిరి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి దిగిపోయే మనిషి, గుర్రం మీద వెళ్లి పైన రాత్రి గడిపే మనిషి కంటే ఈ ఒక్క విషయంలో నయం. అయితే గుండె జబ్బు, ఊపిరి జబ్బు ఉన్నవాళ్ల ఒళ్లు గంటల దాకా ఆగదు, పది నిమిషాల్లో ప్రాణవాయువు అంతగా తగ్గిపోతే వెంటనే లెక్క అడుగుతుంది. అన్నిటికన్నా చెడ్డది పైకి ఎగిరి, మబ్బు పట్టి తిరుగు హెలికాప్టర్ రద్దయి, అక్కడే పడుకోవాల్సి రావడం. ఆ మబ్బు కేదార్‌నాథ్‌లో ఎంత మామూలో నాకన్నా మీకే తెలుసు.

పాతకాలం వాళ్లు ఈ జబ్బు పేరు తెలియకుండానే దాన్ని దాటారు. రుషీకేశ్ నుంచి నడక. కొన్ని మైళ్లకొక చట్టీ. గడ్డి కప్పు, మట్టి అరుగు, పొయ్యి. చట్టీవాడి దగ్గర బియ్యం, పప్పు కొంటే చాలు, పడకకు డబ్బు అడిగేవాడు కాదు. బాబా కాలీ కమ్లీవాలా పేరిట ధర్మశాలలు కూడా దారి పొడుగునా వెలిశాయి. వారాల తరబడి ప్రతి రాత్రీ కొద్దికొద్దిగా పైకి పడుకుంటూ వెళ్లేవాళ్లు కనుక కేదారం చేరేసరికి ఒంట్లో నెత్తురే మారిపోయేది. 1962 తర్వాత సైన్యం కోసం వేసిన మోటారు రోడ్లు చట్టీల వ్యాపారాన్ని మింగేశాయి. జానకీ చట్టీ, హనుమాన్ చట్టీ పేర్లుగా మిగిలాయి. కేదార్‌నాథ్ దారిలో సగం దూరాన ఉండిన రాంబాడాను 2013 జూన్ వరద ఆనవాలు లేకుండా తుడిచిపెట్టింది. రోడ్లు వద్దనడానికి నేనెవరిని, అవి లేకపోతే మా అత్తగారి వయసువాళ్లకు కేదారం కలలో మాటే. రోడ్డు మిగిల్చిన రోజుల్లో ఒక్కటి ఒంటికి ఇవ్వమనే అడుగుతున్నాను.

అది ఎక్కడ ఇవ్వాలో కూడా చెబుతాను. నాలుగు ధామాలు తిప్పేవాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు. యమునోత్రి, గంగోత్రి, తర్వాత కేదారం, చివర బదరి అన్న సంప్రదాయ క్రమంలోనే సర్దుబాటు ఉంది. గంగోత్రి దర్శనానికి 3,000 మీటర్ల పైకి వెళ్లి, రాత్రికి హర్సిల్‌లో పడుకుంటే 2,600 దగ్గర ఒళ్లు తర్ఫీదవుతుంది. ఖర్చు కలిసొస్తుందని ఉత్తరకాశీ దాకా దిగిపోకండి. చిక్కల్లా రెండు ధామాల టూరులోనే. దానికి గుప్తకాశీకి దగ్గర్లో చోప్తా ఉంది, ఎత్తు 2,700 దరిదాపుల్లో. అక్కడ ఒక రాత్రి, వీలైతే రెండు. ఓపిక ఉన్నవాళ్లు పగలు తుంగనాథ్ ఎక్కి దిగొచ్చి చోప్తాలోనే పడుకోవచ్చు. తుంగనాథ్ పంచకేదారాల్లో ఒకటి, కేదార్‌నాథ్ కంటే కూడా ఎత్తు. పగలు పైకి వెళ్లడం, రాత్రి కిందికి వచ్చి పడుకోవడం ఒంటికి ఎత్తును అలవాటు చేస్తుంది. ఆల్ప్స్‌లో మార్గెరీటాకు వెళ్లేవాళ్లు కూడా చాలామంది ముందు కింద నిఫెట్టీ బసలో 3,647 మీటర్ల దగ్గర రాత్రి గడిపే వెళ్తారు. ఇంకో కేదారం కలిసిందంటే మీ కరపత్రానికీ అందమే. తొలి రాత్రే 2,750 మీటర్లు దాటి పడుకోవద్దని, 3,000 దాటాక రోజుకు 500 మీటర్లకు మించి పడక ఎత్తు పెంచవద్దని వైద్యులు చెబుతారు. చోప్తా కలిపినా మీ టూరు ఆ కొలతకు పూర్తిగా లొంగదు. అయినా ఇప్పటికన్నా ఎన్నో రెట్లు మేలు.

అమర్‌నాథ్ నడిపేవాళ్లకు పని కొంత తేలిక. అక్కడ ఆరోగ్య పత్రం లేనిదే పంపరు, వయసు హద్దు కూడా ఉంది. గుహ 3,888 మీటర్లు. బాల్టాల్ దారిలో ఒక్క రోజులో తిప్పుకొచ్చే టూర్లకూ, పహల్గామ్ దారిలో శేష్‌నాగ్, పంచతరణి శిబిరాల్లో రాత్రులు గడిపే టూర్లకూ తేడా ఏమిటో యాత్రికుడికి విడమర్చి చెప్పండి. ఆరోగ్య పత్రాన్ని ఎవరో తెలిసిన డాక్టర్ దగ్గర మొక్కుబడిగా రాయించి ఇచ్చే అలవాటు మీలో కొందరికి ఉంది. మానేయండి.

మా బస్సులో గైడు ఆయాసం వచ్చినవాళ్లకు కర్పూరం బిళ్ల ఇచ్చి వాసన చూడమన్నాడు. మంచి మనసుతోనే ఇచ్చాడు. కర్పూరం ముక్కును చల్లగా చేస్తుంది, ప్రాణవాయువును ఒక్క చుక్క పెంచదు. పైపెచ్చు కాస్త బాగుందనిపించి మనిషి ఇంకో గంట పైకి నడుస్తాడు. ఆక్సిజన్ డబ్బాలూ నిమిషాల ముచ్చటే. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గులో గరగర వినిపిస్తే, నడక తూలితే, మాట తడబడితే, మందు ఒక్కటే, దిగడం. తెల్లారేదాకా చూద్దామన్నది జాకొతే చేసిన పొరపాటు.

అందుకే ఇంకొకటి అడుగుతున్నాను, ఇది డబ్బుతో ముడిపడినది కాబట్టి చివర్న పెట్టాను. వచ్చే కరపత్రంలో ప్రతి రాత్రి బస పక్కన దాని ఎత్తు అచ్చు వేయండి, మీకది ఒక్క వరస అదనపు అచ్చు ఖర్చు. దానితోపాటు, మధ్యలో ఒంట్లో బాగాలేక దిగిపోయే యాత్రికుడికి తోడుగా మీ మనిషి ఒకరు దిగుతారని, గుర్రానికో డోలీకో అయ్యే ఖర్చు మీరు పెట్టుకుంటారని, వాడుకోని హెలికాప్టర్ టికెట్టు, గది డబ్బులో ఎంత తిరిగి ఇస్తారో అంకెల్లో రాయండి. నేను మాట్లాడిన పెద్దవాళ్లలో చాలామంది తలనొప్పిని చెప్పకుండా దాచినది దేవుడి మీద భక్తితో మాత్రమే కాదు. కట్టిన డబ్బు పోతుందని, గుంపు మొత్తం తన వల్ల ఆగిపోతుందని.

ఇట్లు,
మీ బస్సుల్లో వెళ్లొచ్చిన ఒక యాత్రికురాలు